యాభై ఆరు డిగ్రీలు

వర్కిచ్చన్ స్టీలు డబ్బాని ఆపరేటర్ బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల అన్నం లేదు. పొగలు కక్కుతున్న వేడినీళ్లున్నాయి.

లైజమ్మకి విషయం అర్థం కావడానికి అరక్షణం కూడా పట్టలేదు.

కేరళలోని ఆ పెరుంబావూరులో ఏ వంటింట్లో చూసినా అలాంటి డబ్బా ఒకటుంటుంది. బియ్యాన్ని ఒక పొంగు రానిచ్చి, గిన్నెతో సహా అందులో దించి మూత బిగిస్తే చాలు, పొయ్యి లేకుండానే అన్నం ఉడికిపోతుంది. పొద్దున పెట్టిన వేడి మధ్యాహ్నం దాకా దిగదు. చెక్కని కాచే వేడి గదిలోంచి వచ్చే, వేడి కొలిచే నాలుగు తీగల్ని చెక్కలోంచి ఊడబెరికి ఆ నీళ్లలో ముంచితే, మిషను తిప్పే కాగితం మీద నాలుగు గీతలూ యాభై ఆరు డిగ్రీలు దాటి హాయిగా కూర్చుంటాయి. గదిలో ఉన్న చెక్కకి మాత్రం వెచ్చదనం కూడా తగలదు.

"రెండు వందల నలభై ప్యాలెట్లు. గురువారం సాయంత్రానికి," అన్నాడు వర్కిచ్చన్. "మెల్‌బోర్న్‌కి."

కోలంచేరి దగ్గరున్న మసాలా నూనెల కంపెనీ ఆర్డరు అది. డ్రముల్ని మోసే చెక్క అరుగులు కావాలి. ఒక్కోదాని మీద నాలుగు డ్రములు, ఎనిమిది వందల కిలోలు. రేవు గేటు శుక్రవారం మధ్యాహ్నం మూసేస్తారు.

లైజమ్మ గోడ మీద క్యాలెండర్‌ని, గడియారాన్ని చూసింది. సోమవారం, మధ్యాహ్నం పన్నెండు. గదిలో ఒక లోడుకి ముప్పై ప్యాలెట్లు పడతాయి. ఈ ముసురులో రబ్బరు చెక్క నీళ్లు తాగిన స్పాంజిలా ఉంది. దాని గర్భం దాకా వేడి చేరి, అక్కడ ముప్పై నిమిషాలు నిలవాలంటే లోడుకి పన్నెండు గంటలు. రాత్రింబవళ్లు నడిపినా గురువారానికి ఆరు లోడ్లు. కావలసింది ఎనిమిది.

ఆ లెక్క ఆవిడ పైకి చెప్పింది. వర్కిచ్చన్‌కి ఆ లెక్క ముందే తెలుసు. అందుకే డబ్బా తెచ్చాడు.

"ఆరు నిజంగా చెయ్యి. రెండే దీంట్లో. జూన్‌లో చేశాం కదా, ఆకాశం ఏమైనా విరిగి పడిందా?"

జూన్‌లో ఒకసారి. గాలివానకి కరెంటు పోతూ వస్తూ, లారీ గేటు దగ్గర హారన్ కొడుతూ ఉంటే, ఇదే డబ్బా, ఇదే బల్ల. పదిహేడో నంబరు లోడు. కాగితం కింద ఆపరేటర్ గడిలో సంతకం లైజమ్మది. విదేశాలకి పోయే చెక్కలో పురుగు బతికి ఉండకూడదని ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం ఒకటుంది. ఆ నియమం పాటించామని చెప్పే గోధుమ వెన్ను బొమ్మ ఉన్న ముద్ర పడేది ఆవిడ సంతకం మీదే. ఆవిడ పేరు, ఫొటో, సర్టిఫికెట్ నంబరు లామినేషన్ చేయించి గది తలుపుకి తగిలించారు. ఈ వీధిలో అందరూ ఆవిడని ఆపరేటర్ చేచీ, అంటే ఆపరేటరక్క, అనే పిలుస్తారు.

"చెయ్యలేను ముదలాళీ," అందావిడ యజమానితో.

వర్కిచ్చన్ కోప్పడలేదు. బెంచీ మీద కూర్చుని మీసం సవరించుకున్నాడు. ఈ ఆర్డరు పోతే కంపెనీ వాళ్లు కారణం అడుగుతారనీ, కారణం చెప్పాలంటే పాత లోడ్ల మాట కూడా వస్తుందనీ, రిజిస్టరులో ఎక్కడా తన సంతకం లేదనీ చాలా మెల్లగా, ఇంటి విషయం మాట్లాడుతున్నట్టు చెప్పాడు. బుధవారం పొద్దుటిదాకా ఆలోచించుకోమన్నాడు. డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

లైజమ్మ దాని మూత పెట్టింది. చెయ్యి కాలింది.

*

మంగళవారం రెండో లోడు ఎక్కుతోంది. లైజమ్మ నాలుగు ప్యాలెట్లు ఎంచుకుంది, అన్నిటికన్నా లావు దిమ్మలున్నవి, గదిలో వేడి చివరగా చేరే మూలల్లో పెట్టేవి. ఒక్కో దిమ్మకి సరిగ్గా మధ్యదాకా డ్రిల్లుతో బెజ్జం వేసింది. తడి చెక్క పొట్టు ముద్దలు ముద్దలుగా బయటికొచ్చింది. తీగ కొసని లోపలికి దోపి, బెజ్జం నోటికి లప్పం పట్టించి బొటనవేలితో నొక్కింది. అక్కడ సందు మిగిలితే వేడిగాలి దూరుతుంది, చెక్క ఉడక్కముందే గీత లేచిపోతుంది. కొందరు కావాలనే ఆ సందు వదిలేస్తారు. ఈవిడ ఎప్పుడూ వదల్లేదు.

"చేచీ, థర్మామీటర్ పెట్టడం అయిందా? జ్వరం ఎంతుంది పేషెంటుకి?" అన్నాడు రఫీకుల్. అస్సాం నించి వచ్చిన వడ్రంగి, నలభై దాటిన మనిషి. నోట్లో ఆరు మేకులు పెట్టుకుని కూడా మాట్లాడగలడు.

"ఇంకా ముప్పై ఒకటే."

"అయితే మందు అవసరం లేదు. ఇంటికి పంపించెయ్యండి."

లైజమ్మకి నవ్వు రాలేదు. మిషను దగ్గర నిలబడి కాగితం కేసి చూసింది. నిజమైన లోడులో నాలుగు గీతలూ నాలుగు దారుల్లో పోతాయి. ఎర్రది ముందు లేస్తుంది, నీలం వెనకబడుతుంది. ఆకుపచ్చది నలభై దగ్గర గంటసేపు మొరాయిస్తుంది. చివరికి నాలుగూ ఆయాసపడుతూ పైకి చేరతాయి. పదిహేడో లోడు కాగితంలో అలా లేదు. నాలుగూ ఒక్కసారే నిట్టనిలువుగా లేచి, ఒకదాని మీదొకటి పడుకుని, సన్నగా కిందికి జారాయి. చల్లారే నీళ్లు అలాగే జారుతాయి. చూడ్డం వచ్చినవాడెవడికైనా తెలిసిపోతుంది. జులైలో తనిఖీకి వచ్చిన భార్గవన్ సార్ దాని కింద పొడి సంతకం పెట్టి పేజీ తిప్పేశాడు. ఆయన చూడలేదనుకుంది అప్పుడు.

మధ్యాహ్నం రఫీకుల్ ఆవిడని షెడ్డు వెనక్కి పిలిచాడు. ఈసారి జోకు వెయ్యలేదు. కాళ్లు విరిగాయని పక్కన పడేసిన పాత ప్యాలెట్లు రెండు అక్కడ గోడకి ఆనించి ఉన్నాయి. వాటి కింద నేల మీద, ఎవరో పిండి జల్లించినట్టు, తెల్లటి మెత్తటి పొడి కుప్పగా పడి ఉంది. రఫీకుల్ సుత్తితో దిమ్మని ఒక్కటి తట్టాడు. ఇంకొంచెం రాలింది.

లైజమ్మ వంగి చూసింది. దిమ్మ పక్క ముఖాన నల్లగా కాల్చిన ముద్ర ఉంది. గోధుమ వెన్ను, దేశం అక్షరాలు, యూనిట్ నంబరు, దాని కింద చిన్నగా లోడు నంబరు. పదిహేడు. గోధుమ వెన్ను పక్కనే గుండుసూది తలంత రంధ్రాలు మూడున్నాయి. రఫీకుల్ ఉలితో చీల్చాడు. లోపల తెల్లటి పురుగు వెలుతురు తగిలేసరికి ఒళ్లు ముడుచుకుంది.

"మిగతావి ఎక్కడికి పోయాయి చేచీ?"

ఆవిడకి తెలీదు. ఇరవై ఎనిమిది ప్యాలెట్లు ఓడెక్కాయి. ఏ ఓడో, ఏ రేవో లారీ కాగితాల్లో ఉంటుంది. రఫీకుల్ పురుగుని మడమ కింద నలిపి, పొడి మీదికి కాలితో మట్టి తోశాడు. లైజమ్మ ఆపలేదు. ఇద్దరూ మళ్లీ షెడ్డులోకి వచ్చారు.

ఆ సాయంత్రం ఆవిడ నూనెల కంపెనీకి ఫోన్ చేసింది. అక్కడ ప్యాకింగ్ చూసే సుభద్ర మేడంతో ఇదివరకు రెండుసార్లు మాట్లాడింది. ఒక్క రోజు గడువు అడిగింది. మేడం తన చేతిలో లేదంది. ఓడ ఎవరికోసమూ ఆగదంది. అయినా గొంతులో విసుగు లేదు. తనకి కావలసింది రేవులో ఎవరూ వేలెత్తి చూపని అరుగు, అంతే, అది దేంతో చేసినా తనకేం అభ్యంతరం లేదంది.

లైజమ్మ ఫోన్ పెట్టెయ్యబోయి ఆగింది.

"దేంతో చేసినా సరేనా మేడం?"

శిక్షణలో ఇచ్చిన నీలం అట్ట పుస్తకం ఆవిడ సొరుగులో ఉంది. నాలుగో పేజీలో రెండు వాక్యాలు. పొరలు తీసి, జిగురు పూసి, వేడిలో నొక్కి చేసిన ప్లైవుడ్‌కి ఈ నియమం వర్తించదు. దానిలో పురుగు బతికే వీలు తయారీలోనే పోతుంది కాబట్టి వేడి గది అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు. ఆ రెండు వాక్యాలూ ఫోన్లో చదివింది. పెరుంబావూరు రోడ్డు పొడుగునా ప్లైవుడ్ ఫ్యాక్టరీలే. ఇన్నాళ్లూ ఆ వాక్యాలతో ఆవిడకి పని పడలేదు.

మేడం పేజీ నంబరు అడిగి రాసుకుంది. తర్వాత మూడు షరతులు పెట్టింది. కాళ్ల దిమ్మలు కూడా పొట్టుని జిగురుతో నొక్కినవే అయ్యుండాలి. కోసిన చెక్క పుల్ల ఒక్కటి కూడా ఉండకూడదు. ఎనిమిది వందల కిలోల బరువు మోసి చూపించాలి. సరుకంతా ఒకే రకం కావాలి, కలగాపులగం పనికిరాదు. మెల్‌బోర్న్ ఏజెంటుకి తను ఈ రాత్రికే రాసి అడుగుతానంది.

మూడని మొదలెట్టి నాలుగు చెప్పిందని లైజమ్మ గమనించింది.

*

బుధవారం పొద్దున వర్కిచ్చన్ జవాబు కోసం వచ్చేసరికి లైజమ్మ బల్ల మీద డబ్బా లేదు. ప్లైవుడ్ సంగతీ, మేడం షరతులూ ఆవిడ రాసిపెట్టిన ఉత్తరం ఉంది. అతను నిలబడే చదివాడు. మొహం ముడుచుకుంది. ప్లైవుడ్ తన పని కాదనీ, తన తాత కాలం నించీ రబ్బరు చెక్కేననీ గొణిగాడు. ఉత్తరం మళ్లీ చదివాడు. మెల్‌బోర్న్ ఏజెంటు ఒప్పుకున్నట్టు సుభద్ర మేడం పంపిన మెసేజ్ ఆవిడ ఫోన్లో చూపించింది.

"మా బావమరిది దగ్గర మందం షీట్లు పడున్నాయి," అన్నాడతను ఫోన్ తిరిగిస్తూ. "అంచులు కొంచెం దెబ్బతిన్నాయి. ప్యాలెట్‌కైతే ఫరవాలేదు."

పదింటికి షీట్లు, పొట్టు నొక్కిన దిమ్మలు దిగాయి. రఫీకుల్ మొదటి ప్యాలెట్ గంటలో కొట్టేశాడు. తొమ్మిది దిమ్మలు, పైన మూడు పలకలు, కింద మూడు పట్టీలు. ఫోర్క్‌లిఫ్ట్ లేదు కాబట్టి ఖాళీ డ్రములు నాలుగు దాని మీదే నిలబెట్టి గొట్టంతో నీళ్లు నింపారు. షెడ్డులో అందరూ పని ఆపి చుట్టూ చేరారు. మూడో డ్రము సగం నిండేసరికి మధ్య పలక చిన్నగా మూలిగింది. వర్కిచ్చన్ మెళ్లో సిలువని వేలితో తడుముకున్నాడు. నాలుగోది నిండింది. జాకీ పెట్టి జానెడెత్తు లేపి, దించి, మళ్లీ లేపారు. లైజమ్మ నేల మీద బోర్లా పడుకుని టార్చితో కింద చూసింది. దిమ్మలు పగల్లేదు. పలక మాత్రం వేలి మందం కుంగింది.

కుంగడం తగ్గాలని రఫీకుల్ భోజనం తర్వాత తన పద్ధతిలో ఓ ఉపాయం చేశాడు. రెండో ప్యాలెట్‌కి పలక అడుగున రబ్బరు చెక్క బద్ద ఒకటి దాచి మేకు వేశాడు. ఇరవై ఏళ్లుగా అతని చేతికి అదే అలవాటు. ఎక్కడ వీక్ అనిపిస్తే అక్కడ ఓ చెక్క ముక్క. లైజమ్మ చేత్తో అడుగున తడిమి పట్టుకుంది.

"తీసెయ్."

"చేచీ, వేలెడు ముక్క. ఆస్ట్రేలియా దొర ఇంత వంగి చూస్తాడా?"

"ఆ వేలెడు ముక్క ఉంటే ఇది ప్లైవుడ్ కాదు రఫీకుల్. మొత్తం చెక్కే. అప్పుడు దీనికి ముద్ర కావాలి, కాగితం కావాలి, నా సంతకం కావాలి."

రఫీకుల్ ఆవిడ మొహం చూసి మేకులు ఊడబీకడం మొదలెట్టాడు. బద్ద బదులు ఇంకో ప్లైవుడ్ పట్టీ వేశాడు. దాంతో కుంగడం ఆగింది. అక్కడ్నించి గురువారం మధ్యాహ్నం దాకా షెడ్డులో మేకుల చప్పుడు ఆగలేదు. లైజమ్మ ఒక్కో ప్యాలెట్ అడుగునా చెయ్యి పెట్టి తడిమి చూసి, సుద్దతో గీత పెట్టింది. మోచేతులు గీరుకుపోయాయి. రెండు వందల నలభై గీతలు. ఆ గీతలకి ఆవిడ ఎవరికీ సంతకం పెట్టక్కర్లేదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆవిడకి ఆకలేసింది.

గురువారం నాలుగింటికి లారీలు కదిలాయి.

*

వర్కిచ్చన్ అందరికీ పరోటాలు, బీఫ్ వేపుడు తెప్పించాడు. తనే విస్తరాకులు పరిచాడు. లైజమ్మ విస్తట్లో మొదటి పరోటా తన చేత్తో వేశాడు.

"నీ బుర్రే బుర్ర లైజమ్మా. ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు నాకు? బాయిలర్ లేదు, పొగ లేదు, కరెంటు పోయినా భయం లేదు. సుభద్ర మేడం ఇక మీదట అంతా ఇదే కావాలంది."

రెండో పరోటా వేస్తూ మిగతాది చెప్పాడు. బాయిలర్‌ని పాత సామాన్ల వాడు ఆదివారం వచ్చి చూస్తాడు. గది కూలగొడితే అక్కడ షీట్లు పేర్చుకోవచ్చు. లైసెన్సు వదులుకుంటున్నామని తనిఖీ ఏజెన్సీకి పొద్దున్నే ఫోన్ చేశాడు. రేపు భార్గవన్ సార్ వచ్చి ముద్రలు, రిజిస్టరు తీసుకుపోతాడు.

"మరి నేను?" అంది లైజమ్మ.

వర్కిచ్చన్ నిజంగానే ఆ సంగతి ఆలోచించలేదని అతని మొహం చూస్తే తెలిసింది. పరోటా ముక్క చిదిపి నోట్లో పెట్టుకున్నాడు. బావమరిది ఫ్యాక్టరీలో జిగురు పూసే చోట ఆడవాళ్లని తీసుకుంటున్నారనీ, తను చెప్తే కాదనరనీ అన్నాడు. ఆ మాట అన్నాక తేలికపడి, ఇంకో చెంచా వేపుడు వడ్డించాడు.

అవతలి వరసలోంచి రఫీకుల్ ఆవిడకి మాత్రమే వినపడేలా అన్నాడు. "చేచీ, రెండు వందల నలభై మేం కొట్టాం. రెండు వందల నలభై ఒకటోది మీ ఉద్యోగానికి పాడె. అది మీరే కొట్టుకున్నారు."

లైజమ్మ తినడం ఆపలేదు. ముక్క ముక్కకీ జిగురు వాసన వేసింది.

*

భార్గవన్ సార్ శుక్రవారం పదకొండింటికి వచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మంలో తెరిచి పెట్టాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. పలకరించి, ముద్ర ఇనుములు రెండూ లెక్క చూసుకుని గుడ్డలో చుట్టాడు. తలుపు మీది లామినేషన్ కాగితం రఫీకుల్ చేత ఊడదీయించాడు. అది తీసిన చోట తలుపు రంగు కొత్తగా ఉంది.

తర్వాత రిజిస్టరు తెరిచి, పైన ఒక ఫారం పెట్టాడు. ఇందులోని లోడ్లు అన్నీ నియమం ప్రకారం నా సమక్షంలో జరిగాయని ధ్రువీకరిస్తున్నాను. కింద ఆపరేటర్ గడి, దాని కింద తనిఖీ అధికారి గడి.

"మువాట్టుపుళలో కొత్తగా గది కడుతున్నారమ్మా. పెద్దది," అన్నాడాయన కలం ఇస్తూ. "రికార్డు శుభ్రంగా ఉన్న ఆపరేటర్ కావాలన్నారు. నీ పేరే చెప్పాను. సోమవారం వెళ్లి కలువు."

వర్కిచ్చన్ గుమ్మంలో నిలబడి, చూశావా, దేవుడు ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుస్తాడు అన్నట్టు తలాడించాడు.

లైజమ్మ కలం తీసుకుంది. ఫారం చదివింది. ఇంకోసారి చదివింది. అన్నీ అనే మాట దగ్గర కలం ములుకు ఆగింది. సంతకం పెడితే సోమవారం మువాట్టుపుళ. అక్కడా ఒక తలుపు, దాని మీద ఆవిడ ఫొటో. అక్కడా ఏదో ఒక ముసురు రోజు, గేటు దగ్గర లారీ, బల్ల మీద ఎవరో ఒకరు పెట్టే డబ్బా. జూన్ సంగతి తెలిసినవాడు ఒక్కడు చాలు, ఎక్కడికైనా ఫోన్ చెయ్యడానికి. వర్కిచ్చన్ చెడ్డవాడు కాదు. అవసరం వస్తే తప్ప చెయ్యడు.

ఆవిడ ఫారం పక్కకి జరిపి, రిజిస్టరులో జూన్ నెల తీసింది. పదిహేడో లోడు కాగితం బల్ల మీద పరిచింది.

"ఈ లోడు నేను వేడి చెయ్యలేదు సార్. తీగలు చెక్కలో లేవు, వేడినీళ్లలో ఉన్నాయి. షెడ్డు వెనక రెండు ప్యాలెట్లున్నాయి, చీల్చి చూడండి. మిగతా ఇరవై ఎనిమిది ఎక్కడికి పోయాయో లారీ కాగితాల్లో ఉంటుంది."

వర్కిచ్చన్ ఫోన్ మోగలేదు. అయినా జేబులోంచి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. హలో, హలో అంటూ వానలోకి వెళ్లిపోయాడు.

భార్గవన్ సార్ కళ్లజోడు సర్దుకుని ఆ కాగితం మీదికి వంగాడు. కలిసి లేచి కలిసి జారిన నాలుగు గీతలూ, కింద లైజమ్మ సంతకం, దాని పక్కన ఆకుపచ్చ సిరాతో తన పొడి సంతకం. ఆయన వేలు గీతల మీద కాసేపు తిరిగి, ఆకుపచ్చ సిరా దగ్గరికొచ్చి ఆగింది.

"ఎందుకమ్మా ఇప్పుడు," అన్నాడు. గొంతులో అధికారం లేదు. "గదే మూసేస్తున్నారు. ఈ పుస్తకం బీరువాలో పడేస్తే మళ్లీ ఎవడూ తెరవడు. దీని కింద నేను కూడా ఉన్నాను."

ఆయన ఆ రోజే చూశాడని ఆవిడకి అప్పుడు తెలిసింది. చూసీ పేజీ తిప్పాడు. ఆ పేజీ ఎవరు తిప్పించారో, ఆయన బల్ల మీద ఏం పెట్టారో ఆవిడ అడగలేదు.

లైజమ్మ ఫారంలో అన్నీ అన్న మాట కొట్టేసింది. పైన, పదిహేడోది తప్ప, అని రాసింది. ఆపరేటర్ గడిలో పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. ఫారం ఆయన వైపుకి తిప్పి, కలం దాని మీద పెట్టింది.

ఆయన కలం కేసి చూశాడు. తీసుకోలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అక్కడున్నది ఒక్కటే కుర్చీ. లైజమ్మ లేచి దాన్ని ఆయన దగ్గరికి జరిపింది.

"కూర్చోండి సార్," అంది. "తొందరేం లేదు."